ముందు బండి కింద తెల్లచుక్క

మా నాయన సైన్యంలో లారీ తోలేవాడనీ, యుద్ధానికి వెళ్లొచ్చాడనీ నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. అక్కడ ఏం జరిగిందో ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇప్పుడు కువైత్‌లో, అహ్మదిలో కంపెనీ బస్సు తోలుతున్నాడు; నేనూ ఆయన దగ్గరే ఉంటున్నాను.

ఆ సాయంత్రం షువైఖ్‌లో ఒక గ్యారేజీలో మా పాత కారుకు బ్రేకులు వేయించాం. మెకానిక్ మా కడప వైపు మనిషి.

“ఏం మిలిటరీ, కొండల్లో లారీలు తోలినోడివి, ఈ సాపు రోడ్డు మీద ఎద్దులబండి మాదిరి పోతావంట! యల్లా, పద పద, బ్రేకులు కొత్తవి. ఇంగ తొక్కు.”

నాయన నవ్వి బండి తీశాడు.

ఆ వారాల్లో పక్క దేశాల యుద్ధం నడుస్తోంది, మా తలల మీదుగా క్షిపణులు పోతుండేవి. సైరన్ మోగితే ఏం చేయాలో చదివి చదివి నాకు నోటికొచ్చింది. కానీ అది మోగేసరికి ఇంట్లోనే ఉంటామనుకునేదాన్ని. పొద్దు గూకుతోంది, గాలిలో దుమ్ము కమ్మింది. మేం అహ్మది దారిలో ఉండగా మోగింది. మా ఫోన్లూ, బయట సైరనూ ఒక్కసారే.

నాయన లైట్లు ఆర్పేశాడు.

బల్బు పోయిందనుకున్నాను. బండి మాత్రం ఆగలేదు. వెనక ట్రక్కు హారన్ కొడుతూ మీదికొస్తోంది. దుమ్ములో మేం వాళ్లకు కనబడం. నాయన స్టీరింగ్ మీదికి వంగి, ముందు కారు అడుగున ఎక్కడో చూస్తున్నాడు. ఆయన దగ్గర నేనెప్పుడూ గొంతు పెంచలేదు. ఒక బండి మా అద్దాన్ని రాసుకున్నట్టే పోయింది.

“నాయనా! లైట్లు! మనం కువైత్‌లో ఉన్నాం నాయనా!”

ఉలిక్కిపడి లైట్లు వేశాడు. కారును అంచుకు తీసి ఆపాడు. దూరంగా ఎక్కడో దబ్బుమంది. నేను సీట్లో ముడుచుకుపోయాను.

“ఆడ లైట్లు వేస్తే పైనుంచి బాంబు పడతాది పాపా. ఆర్పేసే తోలేది. ముందు లారీ ఇరుసుకు తెల్లరంగు పూసి, దాని మీదికి చిన్న బల్బు పెట్టేవాళ్లు. ఆ తెల్లచుక్క ఎనకాలే పోవాల. ఒగనాడు ఆ చుక్క ఉన్నట్టుండి కనపడలా. బ్రేకు తొక్కినా. ముందు లారీ లోయలో పడిపోయిండాది.”

“దాంట్లో ఎవరు?”

“బ్యారక్‌లో నా పక్క మంచమోడు.”

సైరన్ ఇంకా మోగుతూనే ఉంది. అక్కడే ఆగితే వెనక బండ్లు గుద్దేస్తాయి. నాయన ముఖం తుడుచుకుని గేరు వేశాడు.

“ముందర బండి కనపడతాందా? నా కండ్ల మీద నాకు నమ్మకం లే. నువ్వు చెప్తా ఉండు.”

“కనపడతాంది నాయనా.”

నా గొంతు నాకే వింతగా వినబడింది. ఒక బండి మలుపు తిరిగిపోతే, దుమ్ములో మరో బండి ఎర్రదీపాలు వెతికి పట్టుకుని, ఇల్లు చేరేదాకా అదే మాట చెబుతూ వచ్చాను.