ఎదురుగా నిలబడిన తమ్ముడు

క్రికెట్ కెప్టెన్‌కు ఎడమచేతి వాటం ఎందుకొచ్చిందో తమ ఇద్దరికే తెలుసునని అతని అన్న నమ్మకం. అన్న షట్టర్లు వెల్డింగ్ చేస్తాడు. చిన్నప్పుడు ఇద్దరూ పడుకునే ఇరుకు గదిలో, మంచానికీ గోడకీ మధ్య అన్న బ్యాట్ పట్టుకుని నిలబడేవాడు. తమ్ముడు ఎదురుగా నిలబడి, అద్దంలో బొమ్మలా, అన్న ఏం చేస్తే అదే చేసేవాడు. అన్న కుడి, తమ్ముడికి ఎడమ అయింది. ముందుకాలు చాపడం, బ్యాట్‌ను చెవిదాకా ఎత్తి ఒక్క క్షణం ఆపడం, అన్నీ అన్నవే. నాన్న పోయాక అన్న వెల్డింగ్ షాపులో చేరాడు. తమ్ముడు ఆడుతూనే ఉన్నాడు.

ఇప్పుడు తమ్ముడు సిక్సర్ కొట్టినప్పుడల్లా టీవీలో పెద్దమనుషులు ఆ ఎత్తి ఆపడాన్ని మెచ్చుకుంటారు. పుట్టుకతో వచ్చిందంటారు. ఆ పూట అన్నకు ముద్ద దిగదు.

"మీ తమ్ముడేగా, గెలిస్తే మీకేం పోయింది?" అంటుంది భార్య.

"నాకేం పోతుంది? టీవీ కట్టెయ్."

తమ్ముడు కప్పు గెలిచిన వారం టీవీ వాళ్లు షాపుకొచ్చారు. ఈసారి అసలు సంగతి చెప్పెయ్యాలని అన్న నున్నగా గడ్డం గీసుకున్నాడు. చెబితే నమ్మరు, చూపిస్తేనే మేలనుకుని ఇనుప పైపు అందుకున్నాడు. ముందుకాలు చాపి, పైపు ఎత్తి, ఆపాడు.

మైకు పట్టుకున్న అమ్మాయి చప్పట్లు కొట్టింది. "అచ్చు కెప్టెన్‌గారే! ఎన్నాళ్లు ప్రాక్టీస్ చేశారండీ?"

"అది కాదమ్మా, నేను చేస్తుంటే వాడు..."

"ఎడమవైపు తిరిగి చెయ్యన్నా, ఇంకా అదిరిపోద్ది," అన్నాడు కెమెరా అతను.

తిరిగాడు. పైపు చేతుల్లో తడబడి కిందపడింది.

"పర్లేదన్నా, అందరికీ వస్తే అందరూ కెప్టెన్లే అయిపోరూ!"

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

అది టీవీలో వచ్చిన సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, మావాళ్లందరికీ చూపించా. పడీపడీ నవ్వారనుకో. నన్ను భలే దించేశావ్!"

అంతా గుర్తుండి కూడా తమ్ముడు దాస్తున్నాడనే అన్న ఇన్నేళ్లూ కుళ్లుకున్నాడు.

"ఒరేయ్, మనం పడుకునే గది గుర్తుందా? మంచం పక్కన, గోడ దగ్గర..."

"గుర్తులేకేం! ఆ మంచంలో నల్లులు కుట్టి చంపేవిగా!"

అన్న వెల్డింగ్ మచ్చలున్న కుడిచేతిని చొక్కాకు తుడుచుకున్నాడు.

"అవున్రా," అన్నాడు. "బాగా కుట్టేవి."