డెవలపర్లు ముందు, టెస్టర్లు వెనక

మా తమ్ముడు గోల్ అమ్ముకున్నాడన్న మాట మొదట నా చెవిన వేసింది మా పక్క వాటాలో ముస్లిం ఆవిడ. ఆమెను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేదాన్ని. అమీర్‌పేటలో మేమున్న ఇంట్లో రెండు వాటాలు, మధ్యలో ఒకటే కుళాయి. ఖాలా వాళ్లాయన పంజాగుట్టలో మా తమ్ముడి ఆఫీసున్న బిల్డింగులోనే కింద క్యాంటీన్ నడిపేవాడు. పై అంతస్తుల్లో ఎవరు ఎవరిని ఏమన్నా ఆ మాట ముందు ఆయన టీ కౌంటర్ దగ్గరికి దిగేది. సాయంత్రానికల్లా మా కుళాయి దగ్గరికి చేరేది.

"బేటీ, జర బిందె పక్కకు పెట్టు. ఒక మాట చెప్తా, ఫికర్ చెయ్యకు," అంది.

ఆమె అలా అన్నదంటే దిగులు పడాల్సిన సంగతేనని నాకు అప్పటికే అనుభవం.

"మొన్న ఐతారం మ్యాచ్‌ల మీ తమ్ముడు కావాలనే గోల్ వదిలిండంటున్నరు. గా అవతలి కంపెనీల ఇంటర్వ్యూకు పోయిండంట గదా! నౌకరీ కోసం గోల్ ఇచ్చిండని మా ఆయన ముంగటనే నవ్వుకుంటున్నరు."

"ఎవరన్నారు ఖాలా?"

"చాయ్ తాగెటోళ్లు. గ్లాసుల మీద పేర్లు రాసుంటయా బేటీ?"

బిందె నిండి పొర్లిపోతోంది. కుళాయి కట్టేసే ధ్యాస కూడా లేదు నాకు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త అది. అమీర్‌పేటలో కోర్సుల పోస్టర్ల కింద గోడ రంగు కనిపించేది కాదు. మావారు ఆడిట్ పని మీద ఊళ్లు తిరుగుతుండేవారు. తమ్ముడు మా దగ్గరే ఉండి టెస్టింగ్ కోర్సు చేశాడు. అంటే ఇంకొకరు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే పని. దేవుడి దయవల్ల పంజాగుట్టలోనే ఉద్యోగం దొరికింది. అయితే అది ఇంకా ఖాయం కాలేదు. ప్రొబేషన్ ఆ నెలాఖరుతో అయిపోతుంది. వాడిని ఉంచుకోవాలో పంపెయ్యాలో మేనేజర్ గారి ఒక్క మాట మీద ఉంది. నమ్మకం లేనివాడన్న పేరుతో బయటికి వస్తే ఆ పేరు వాడికంటే ముందే తర్వాతి కంపెనీ మెట్లెక్కుతుంది. ఈ పేటలో మాటలకు ఉన్నంత తొందర బస్సులకు లేదు.

ఇక ఫుట్‌బాల్ సంగతి. కంపెనీలన్నీ కలిసి ఆదివారాలు మాసబ్ ట్యాంక్ వైపు ఒక కాలేజీ మైదానంలో పోటీలు పెట్టుకునేవి. ఆ ఆట గురించి నాకు బొత్తిగా తెలియదు. చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చి నేను బడికి పోలేదు. నాన్నే ఇంట్లో కూర్చోబెట్టి చదివించారు. అర్థం కానిది అడగడానికి సిగ్గుపడాలని నాకు నేర్పినవాళ్లు లేరు. అందుకు ఆయనకు రోజూ దండం పెట్టుకుంటాను. ఆ సాయంత్రం తమ్ముడు రాగానే చేట ముందు పెట్టాను. అందులో పచ్చిమిరపకాయలు, చిక్కుడుకాయలు ఉన్నాయి.

"గోల్ ఎలా పోయిందో ఇందులో చూపించు."

వాడు నా మొహంకేసి చూశాడు. "నీ దాకా వచ్చిందా?"

"వచ్చింది. చూపించు."

మిరపకాయలు చేట ముందు అంచున పేర్చాడు. చిక్కుడుకాయలు వెనక పెట్టాడు. "వీళ్లు డెవలపర్లు, ప్రోగ్రాములు రాసేవాళ్లు. వీళ్లు అటాక్. మేం టెస్టర్లం. మేం డిఫెన్స్. మేనేజర్ గారి ప్లాన్ ఇది."

"అదేం పంపకంరా?"

"కొత్తది కట్టేవాళ్లు ముందుకెళ్లాలట. తప్పుల్ని ఆపేవాళ్లం మేం వెనకుండాలట. బోర్డు మీద గీసి మరీ చెప్పారక్కా. ఎవరి మాడ్యూల్, అంటే ఎవరి పని ముక్క, వాళ్లదేనట. వాళ్లు వెనక్కి రాకూడదు, మేం సగం గీత దాటకూడదు."

"మరి మధ్యలో?"

"అడ్మిన్ వాళ్లు ఇద్దరు. ఒకాయనకి మోకాళ్ల నొప్పి."

చేట మధ్యలో అరచేయంత ఖాళీ ఉంది. నాలాంటిదానికే కనిపించింది. మరి అంత చదువుకున్నవాళ్లకు ఎందుకు కనిపించలేదని అడిగాను. ఆఫీసులో అలాగే నడుస్తుంది కాబట్టి మైదానంలోనూ నడుస్తుందనుకున్నారన్నాడు. ఆఫీసులో ఎలా నడుస్తుందో కూడా చెప్పాడు. తప్పు బయటపడితే టెస్టర్లు పట్టలేదని డెవలపర్లు, అసలు రాసిందే తప్పని టెస్టర్లు.

ఆ ఆదివారం బంతి ఆ ఖాళీలోనే ఊరికే దొర్లుతోందట. ఎవరూ రావడంలేదని వీడే గీత దాటి తీసుకువెళ్లి, ముందున్నవాడికి అందించాడు. అతను పోగొట్టాడు. వీడు వెనక్కి పరుగెత్తేలోగా వీడు వదిలిన చోటునుంచే అవతలివాళ్లు గోల్ కొట్టేశారు. అవతలిది వీడు ఇంటర్వ్యూకు వెళ్లివచ్చిన కంపెనీ. చూసేవాళ్లకు ఇంకేం కావాలి?

ఇంటర్వ్యూకు వెళ్లిన మాట నిజం. ఆ రోజుల్లో వెళ్లనివాళ్లు లేరు. ఉద్యోగం ఖాయమవుతుందో లేదోనని ముందుజాగ్రత్తకు వెళ్లాడు. అది వాడికి, నాకు, నేను మొక్కుకున్న ఆంజనేయస్వామికి తప్ప మరెవరికీ తెలియదు. మావారికి కూడా ఫోన్‌లో చెప్పలేదు. మరి క్యాంటీన్ దాకా ఎలా పోయింది?

ఆ ప్రశ్న పట్టుకున్నాక నాకు అందరూ వేరేగా కనిపించసాగారు. వాటాల మధ్య గోడ పల్చన కదా, ఖాలా విన్నదా? విని వాళ్లాయనతో అన్నదా? ఆమె ఇచ్చిన గోరింటాకు ముద్ద చేతిలో పట్టుకుని కూడా అదే ఆలోచన. తమ్ముడికైతే ఇంకా ఎక్కువ. లిఫ్ట్‌లో ఇద్దరు మాట్లాడుకుంటే తన గురించే అనుకునేవాడు. తోటి టెస్టర్లు టిఫిన్ డబ్బాలు పట్టుకుని వేరే బల్లకు వెళ్లిపోతున్నారన్నాడు. మేనేజర్ గారు వాడిని ఆపి, "మనం మండే మాట్లాడదాం," అన్నారట. ఆ మాట వాడు పదిమార్లు పదిరకాలుగా పలికి చూపించాడు. ఏ రకంగా పలికినా నాకు మంచిగా వినబడలేదు.

శనివారం సాయంత్రం నేను దీపం పెడుతుండగా తలుపు కొట్టారు. జట్టులో గోల్స్ కొట్టే కుర్రవాడు. తమ్ముడు బంతి అందిస్తే పోగొట్టినవాడు. డెవలపర్, వరంగల్ వైపు అబ్బాయి, ఎస్.ఆర్. నగర్‌లో రూమ్. చేతిలో బత్తాయిల సంచి. అంతకుముందెన్నడూ మా గడప తొక్కనివాడు ఈ వారమే బత్తాయిలు ఎందుకు తెచ్చాడు? టీ పెట్టాను గానీ చూపు మాత్రం అతని మీదే ఉంచాను.

"అక్కా, మీ తమ్ముడు మంచోడు. ఎవరో ఏదో అంటరు. మనసుకు పెట్టుకోవద్దని చెప్పనీకి వచ్చిన."

"ఎవరంటున్నారు బాబూ?"

"అందరూ అంటున్నరు."

అందరూ అంటే ఎవరూ కాదు. ఇతన్ని అటు తిప్పి ఇటు తిప్పి అడిగి లాభం లేదనిపించి, మామూలుగా అన్నట్టు అన్నాను: "ఏమో బాబూ, ఆ ఇంటర్వ్యూ రోజున వీడు చెమటతో తడిసి ముద్దయి వచ్చాడు. అదేమన్నా అంత దూరమా!"

"చెమట పట్టదా అక్కా! లిఫ్ట్ నడుస్తలేదు. మెట్లెక్కి పోయినంక గంత చిన్న రూంల అందర్నీ కూసోబెట్టిండ్రు. ఫ్యాన్ సుత..."

అక్కడ ఆగిపోయాడు. గ్లాసు పెదవుల దగ్గరే ఉండిపోయింది.

తమ్ముడు మెల్లగా అన్నాడు: "నువ్వూ వచ్చావన్నమాట."

పక్క వాటాలో ఖాలా మనవరాలిని తిడుతున్నది స్పష్టంగా వినబడింది.

"పోయిన," అన్నాడు ఆ అబ్బాయి. "పొద్దుగాల బ్యాచ్ నాది. దిగి వస్తుంటే నువ్వు ఎక్కుతున్నవ్. నువ్వు నన్ను చూడలే. మల్ల క్యాంటీన్ల ఎవడో, శుక్రవారం యాడికి పోయినవ్ రా అని నన్ను పట్టుకున్నడు. నా మీదికి రావద్దని, నువ్వు ఇంటర్వ్యూకు పోయినవని నీ పేరు చెప్పిన. అవతలోళ్లకు గోల్ సుత ఇస్తవేమో అని మజాక్ చేసిన. మ్యాచ్ పోయినంక అది మజాక్ కాకుండ అయింది."

"ఆ బాల్ నీకే ఇచ్చాను కదరా."

"ఇచ్చినవ్. పోగొట్టిన. పోగొట్టి నిలబడి చూసిన. ఎనకకు ఉరకమని సారు ఎన్నడన్న చెప్పిండా?"

తమ్ముడు లేచి పెరట్లోకి పోయాడు. నేను ఆ అబ్బాయిని అడిగాను: "రేపు ఈ మాట మీ సారు ముందు అంటావా బాబూ?"

"చూస్తా అక్కా."

ఆ 'చూస్తా' నాకు నచ్చలేదు. ఈ ఊళ్లో ప్లంబర్లు కూడా అదే అంటారు.

మర్నాడు ఖాలాను తోడు తీసుకుని నేనూ మైదానానికి వెళ్లాను. మేనేజర్ గారు టోపీ పెట్టుకుని, మెడలో విజిల్ వేసుకుని నిలబడ్డారు. ఆట మొదలయ్యే ముందు ఆ కుర్రవాడు ఆయన్ని పక్కకు తీసుకువెళ్లి చేతులు ఊపుతూ ఏదో చెబుతున్నాడు. ఆయన తల అడ్డంగా ఊపారు. తర్వాత తిరిగి మా తమ్ముడికేసి చూశారు.

"చేతులు గంతగనం ఊపుతుండంటే ఏదో దాస్తుండు," అంది ఖాలా. సరిగ్గా నా మనసులో ఉన్న మాట అది. తను తప్పించుకుంటున్నాడు, మా వాడిని పూర్తిగా ముంచుతున్నాడు అనుకుని పమిట కొంగు వేలికి చుట్టుకుంటూ జపం మొదలుపెట్టాను.

ఆట మళ్లీ అదే పద్ధతి. మిరపకాయలు ముందు, చిక్కుడుకాయలు వెనక. బంతి మధ్య ఖాళీలోకి దొర్లింది. మోకాళ్ల నొప్పి ఆయన దానికేసి దయగా చూశాడు. తమ్ముడు ఒక్క క్షణం ఆగి, గీత దాటాడు.

"గీత దాటొద్దన్నానా!" మేనేజర్ గారు అరిచారు.

అప్పుడు చూశాను. గోల్స్ కొట్టే ఆ కుర్రవాడు ముందునుంచి వెనక్కి, మా తమ్ముడు వదిలిన చోటికి పరుగెత్తుకుంటూ వచ్చి నిలబడ్డాడు. బంతి ముందు పోయింది. అవతలివాళ్లు అదే దారిన దూసుకొచ్చారు. ఈసారి ఆ దారిలో మనిషి ఉన్నాడు.

"ఎనకకెందుకు పోతున్నవ్ రా, టెస్టర్‌వైనవా?" అని సాటి డెవలపర్లే ఎగతాళి చేశారు. ఒకడైతే ఈల వేశాడు. అయినా తమ్ముడు వెళ్లినప్పుడల్లా ఆ కుర్రవాడు వచ్చాడు. తమ్ముడు వెనక ఉంటే అతను వెళ్లాడు. ఒకరు కదిలితే ఒకరు నిలబడటం. నాకు ఆటలో అర్థమైంది అంతే. ఎదురుగా గోల్ ఖాళీగా ఉన్నప్పుడు అతను వెనకే ఉండిపోయాడు. ఆ బంతిని మా తమ్ముడు కొట్టి ఆకాశానికి పంపాడు. ఎవరూ గోల్ చెయ్యకుండానే ఆట అయిపోయింది.

మేనేజర్ గారు మండిపడుతూ ఆ కుర్రవాడి మీదికి వచ్చారు. "ప్లాన్ మార్చమని ఎవరు చెప్పారు? ఆటకు ముందు అడిగితే నేను కుదరదన్నాను కదా!"

అప్పుడు చెప్పాడు ఆ కుర్రవాడు. మెల్లగా కూడా కాదు, నీళ్ల సీసాల దగ్గర మూగిన అందరికీ వినబడేలా: "సార్, గా రోజు బాల్ పోగొట్టింది నేను. ఎనకకు రానిది నేను. గా కంపెనీ ఇంటర్వ్యూకు నేను సుత పోయిన. ఆని మీద మాట పుట్టించింది సుత నేనే."

ఖాలా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇగ చూడు బేటీ, రేపు పొద్దుగాల మా ఆయన చాయ్‌తో పాటు గీ ముచ్చట సుత పోస్తడు."

అలాగే జరిగింది. సోమవారం మేనేజర్ గారు తమ్ముడిని పిలిచి చాలాసేపు ప్రశ్నలు వేశారు. నెలాఖరుకు ఉద్యోగం ఖాయం చేశారు. ఆ సాయంత్రం కొబ్బరికాయ కొట్టి, ప్రసాదం ముందుగా ఖాలా వాటాలోనే ఇచ్చాను.

ఆ కుర్రవాడికి మాత్రం మంచి జరగలేదు. అతనికి ఇస్తామన్న టీమ్ పెత్తనం ఇంకొకరికి వెళ్లింది. మేనేజర్ గారు అతన్ని మళ్లీ నమ్మలేదని తమ్ముడు చెప్పాడు. కొన్నాళ్లకు ఉద్యోగం మానేసి, రూమ్ ఖాళీ చేసి వెళ్లిపోయాడు. మాకు చెప్పలేదు. తర్వాత ఎక్కడున్నాడో తెలియలేదు.

నా అనుమానం ఇప్పటికీ పూర్తిగా వదలలేదు. మా ఇంట్లో నోరు జారి దొరికిపోయి ఉండకపోతే ఆ మాట చెప్పేవాడా? బత్తాయిలు తెచ్చింది చెప్పుకోవడానికా, మాకెంత తెలుసో చూసుకోవడానికా? ఎంత ఆలోచించినా తేలదు. కానీ దొరికిపోయినవాళ్లు తప్పుకుపోవడానికి ఈ నగరంలో సందులు కొల్లలు. అతను తప్పుకోలేదు. నలుగురూ నవ్వుతుంటే వెనక్కి పరుగెత్తుకొచ్చి, ఇంకొకరి చోటు కాశాడు. నేను కళ్లారా చూసింది అదే. మా తమ్ముడు ఈనాడు తలెత్తుకుని నాలుగు మెతుకులు తింటున్నాడంటే అందులో అతని పాలు ఉంది.

ఇది చదివినవారిని ఒక్కటే కోరుతున్నాను. మీరు దీపం పెట్టుకున్నప్పుడో, నమాజు చేసుకున్నప్పుడో, అవేవీ లేనివారైతే ఊరికే బస్సు కోసం నిలబడ్డప్పుడో, ఆ వరంగల్ అబ్బాయిని ఒక్కసారి తలుచుకోండి. ఎక్కడున్నా చల్లగా ఉండాలని అనుకోండి. పేరు నేను రాయలేదు. పైవాడికి తెలుసు.