దేవరకొండ దవాఖానలో పగడాలు

2019 ఎండాకాలం. నల్లగొండలో నేను చేపల తొట్ల దుకాణం పెట్టి అప్పటికి తొమ్మిదేళ్లు. రంగు చేపలు, గాజు తొట్లు, మోటార్లు, దాణా అమ్ముతాను. తొట్లు పెట్టించుకున్నవాళ్ల దగ్గరికి పదిహేను రోజులకోసారి వెళ్లి నీళ్లు మార్చి, అద్దాలు తుడిచి వస్తాను. మేం దీన్ని మెయింటెనెన్స్ అంటాం. మా ఇంట్లో మాత్రం ఇప్పటికీ ‘సలీం చేపలకు స్నానం పోయించడానికి పోయాడు’ అంటారు. ఆ మాటకు నాకు కోపం రాదు. నాకు కోపం తెప్పించేది అద్దం మీద వేళ్లతో టకటక కొట్టేవాళ్లు.

నేను చూసే తొట్లలో ఉప్పునీటిది ఒక్కటే ఉండేది. దేవరకొండలో పిల్లల డాక్టరమ్మ దవాఖానలో, రోగులు కూర్చునే హాల్లో పెట్టాను. నాలుగడుగుల మెరైన్ ట్యాంక్. అంటే శుద్ధి చేసిన నీళ్లలో కొలిచి ఉప్పు కలిపి, సముద్రపు చేపలనూ పగడాలనూ పెంచే తొట్టి. రాయిలా గట్టిపడే పగడాలను అమ్మినా కొన్నా చట్టరీత్యా నేరం. నేను వాటి జోలికి పోను. ఇందులో ఉన్నవన్నీ మెత్తటి జాతులు, సాఫ్ట్ కోరల్స్. సూది వేయించుకోవడానికి వచ్చిన పిల్లలు వాటిని చూస్తూ ఏడుపు మరిచిపోతారని డాక్టరమ్మ ఆశ. నిజంగానే చాలామంది మరిచిపోయేవాళ్లు.

పిల్లలను తొట్టి దగ్గరికి ఎత్తుకొచ్చేది సైదమ్మ. ఆ దవాఖానలో పదకొండేళ్లుగా ఆయా. సూది వేసేటప్పుడు పసిబిడ్డను కదలకుండా పట్టుకునేది కూడా ఆమే. తొట్టి పెట్టిన రోజు నా పక్కనే నిలబడి వంద ప్రశ్నలు వేసింది.

“గివి పగడాలా? నా పుస్తెలతాడుకు ఉన్నది గిదేనా?”

“అది గట్టిది, ఇవి మెత్తటివి. చుట్టాలే అనుకో.”

“అయితే మా ఇంటోళ్లే. మంచిగ చూసుకుంట తియ్యి” అని నవ్వింది.

ఉప్పునీటి తొట్టిలో రోజూ చేయాల్సిన పని ఒకటుంది. నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. కాబట్టి తగ్గినంత మేర మంచినీళ్లు పోయాలి. దాన్ని టాప్-ఆఫ్ అంటారు. నల్లగొండ నుంచి రోజూ వచ్చి నేను పోయలేను కదా. అద్దం మీద గీత గీసి సైదమ్మకు చూపించాను.

“ఈ గీత దాకా పోయాలె. బోరు నీళ్లొద్దు, నల్లా నీళ్లొద్దు. మనం తాగే నీళ్లే పొయ్యి, గంతే” అన్నాను. యాది పెట్టుకోవడానికి సులువైన మాట దొరికిందని లోపల మురిసిపోయాను కూడా.

ఏడాది పాటు తొట్టి కళకళలాడింది. ఆ ఏప్రిల్‌లో మొదట, అద్దాల మీది నాచు తినడానికి వేసిన నత్తలు చచ్చాయి. తర్వాత పుట్టగొడుగుల్లాంటి పగడాలు ముడుచుకుపోయాయి. మే వచ్చేసరికి అరచేతంత పెద్ద పగడం, లెదర్ కోరల్, అంచుల నుంచి తెల్లబడటం మొదలుపెట్టింది.

పగడం చూడటానికి మొక్కలా ఉన్నా అది జంతువు. దాని ఒంట్లో కంటికి కనబడనంత చిన్న నాచు కాపురముంటుంది. రంగూ, తిండిలో ఎక్కువ పాలూ ఆ నాచు పెట్టిందే. నీళ్లు వేడెక్కినా, పాడైనా తట్టుకోలేక పగడం ఆ నాచును బయటికి పంపేసి తెల్లబడుతుంది. దీన్నే బ్లీచింగ్ అంటారు. సముద్రాలలో మైళ్ల కొద్దీ జరుగుతున్నది కూడా ఇదే. తెల్లబడ్డంత మాత్రాన చావదు. కారణం తీసేస్తే మళ్లీ కోలుకుంటుంది. ఆ కారణం పట్టుకోవడమే మా పని.

ముందు ఎండను అనుమానించాను. దవాఖాన మూసేశాక ఏసీ ఆపేస్తున్నారు, నీళ్లు వేడెక్కుతున్నాయి. చిన్న ఫ్యాన్లు బిగించాను. వేడి దిగింది, పగడం మాత్రం కోలుకోలేదు. ఉప్పు శాతం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూశాను, సరిగ్గా ఉంది. నీళ్లు మారిస్తే రెండు రోజులు విచ్చుకుని మళ్లీ ముడుచుకునేది. చేపలు మాత్రం హాయిగా తిరుగుతున్నాయి. ఆ ఒక్క విషయం దగ్గర నేను ఆగి ఆలోచించి ఉండాల్సింది.

ఆలోచించలేదు. తొట్టి స్టాండు కింద తలుపు తీస్తే ఫినాయిల్ సీసా కనబడింది.

“ఇదెవరు పెట్టిండ్రు ఇక్కడ?” అని గట్టిగా అన్నాను. హాలు నిండా జనం ఉన్నారు. డాక్టరమ్మ గదిలోంచి బయటికి వచ్చింది.

“దానివల్ల అయ్యుండొచ్చా, సలీం?”

“అయ్యుండొచ్చు మేడం” అన్నాను.

సైదమ్మ చేతిలో తుడుపు గుడ్డ అలాగే ఉండిపోయింది. “నేను తొట్టి కాడ ఫినాయిల్ వాడనే వాడ. జాగా లేక ఆడ పెట్టిన. నీళ్లు నువ్వు చెప్పినట్టే పోస్తున్న” అంది. ఆ మాట ఎవరూ చెవిన పెట్టలేదు. నేనైతే అసలే పెట్టలేదు.

తర్వాతిసారి వెళ్లేసరికి, నెలాఖరు దాకా ఉండి వేరేచోట పని చూసుకోమని ఆమెకు చెప్పేశారు. “పసిపిల్లలుండే చోటు, అజాగ్రత్తను ఊరుకోలేను” అంది డాక్టరమ్మ. ఆమెనూ తప్పుపట్టలేం. నా మాట నమ్మింది.

నేను అద్దం తుడుస్తుంటే సైదమ్మ దగ్గరికి వచ్చింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

“పని పోతే పోనీ బిడ్డ. ఇంకో దవాఖానల జూసుకుంట. కని సైదమ్మ ఇషం కలిపిందని బజార్ల అనుకుంటున్నరు. రేపు ఎవ్వలన్న పిల్లను నా చేతుల పెడ్తరా?”

ఏదో ఒకటి చేయాలి కాబట్టి దాహమవుతోందన్నాను. ఆమె గోడ వారగా ఉన్న డ్రమ్ము నల్లా తిప్పి గ్లాసు నింపి ఇచ్చింది. ఒక గుక్క తాగి ఆగిపోయాను. నాలుక మీద పైసా పెట్టుకున్నట్టు చేదు.

అప్పుడు చూశాను ఆ డ్రమ్మును. రాగిది. కొత్త పెళ్లికూతురిలా మెరిసిపోతోంది.

“ఇదెప్పటి నుంచుంది?”

“ఉగాదికి మేడం తెచ్చింది. రాగి నీళ్లు ఆరోగ్యమట. పొద్దుమీకి ఫిల్టర్ మిషిన్ నీళ్లు ఇందుల నింపి పోతా, తెల్లారి అందరు తాగుతరు. రోజూ నింపే ముందు చింతపండు వెట్టి తోముత. ఒక్కనాడు ఇడిసినా నల్లవడ్తది.”

“తొట్లె పోసేది కూడా గీ నీళ్లేనా?”

ఆమె నన్ను వింతగా చూసింది. “మరి? తాగే నీళ్లే పొయ్యమంటివి గద.”

నాకు తల కొట్టేసినట్టయింది. మనుషులకు ఆ పాటి రాగి ఏమీ చేయదు. నత్తలకూ పగడాలకూ విషం. పైగా ఆవిరయ్యేది నీళ్లే కాబట్టి, పోసిన రాగి అంతా తొట్లోనే పోగవుతూ వచ్చింది. చింతపండు పులుపుకు రాగి ఇంకా కరుగుతుంది. అంటే ఆమె ఎంత శ్రద్ధగా తోమితే పగడాలకు అంత చేటు. చేపలకు మచ్చల జబ్బు వస్తే వాడే రాగి మందు నా దుకాణంలోనే అమ్ముతాను. నత్తలు, పగడాలు ఉన్న తొట్లో వాడొద్దని సీసా మీదే ఉంటుంది. ఫినాయిలే కలిసి ఉంటే చేపలు బతికేవా? తొమ్మిదేళ్ల అనుభవం పెట్టుకుని పప్పులో కాలేశాను.

తొట్టి నీళ్లు ఒక సీసాలో, డ్రమ్ము నీళ్లు ఒక సీసాలో పట్టుకుని నల్లగొండ వచ్చి, రాగిని పట్టిచ్చే టెస్ట్ కిట్‌తో చూశాను. చుక్కలు వేయగానే రెండూ నీలం తిరిగాయి.

మర్నాడు మొదటి బస్సుకే దేవరకొండ వెళ్లాను. డాక్టరమ్మ లోపలికి రమ్మంది. హాల్లోనే చెబుతానన్నాను. అన్నది అక్కడే కదా. జనం చూస్తుండగా చెప్పాను. “మేడం, ఫినాయిల్ కాదు, రాగి. డ్రమ్ము నీళ్లు తొట్లో పడ్డాయి. తాగే నీళ్లు పొయ్యమన్నది నేను. సైదమ్మ నేను చెప్పిన మాట తప్పలేదు. నేనే ఆమె మీద నింద వేశాను.”

డాక్టరమ్మ కాసేపు డ్రమ్మును, కాసేపు తొట్టిని చూసింది. “తెచ్చింది నేను కదా” అని మెల్లగా అంది. తర్వాత అందరికీ వినబడేలా, “సైదమ్మా, నువ్వెక్కడికీ పోవద్దు” అంది.

సైదమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. “గిందరిల అన్నవ్, గిందరిలనే చెప్పినవ్. సరే” అంది నాతో. అక్కడితో వదల్లేదు. చెంబు తెచ్చి నా చేతిలో పెట్టింది. “గిప్పుడు ఏ నీళ్లు, యాడికెల్లి పట్టాలె? నోటితోని చెప్పకు. పోసి చూపియ్యి.”

లోపలి గదిలో మిషను దగ్గరికి వెళ్లి ప్లాస్టిక్ క్యాన్‌లో నీళ్లు పట్టి, తెచ్చి, గీత దాకా పోసి చూపించాను. ఆమె అలాగే పోసి నాకు చూపించింది.

తొట్టి అడుగున పేర్చిన రాళ్లు రాగి పీల్చుకున్నాయి, అన్నీ తీసి పారేయాల్సి వచ్చింది. పుట్టగొడుగు పగడాలు దక్కలేదు. లెదర్ కోరల్‌ను దుకాణానికి తెచ్చి, రాగి లేని కొత్త ఉప్పునీళ్లలో పెట్టాను. దసరా నాటికి దానికి మళ్లీ గోధుమ రంగు తిరిగింది, తీసుకెళ్లి దాని చోట దాన్ని పెట్టాను. అప్పటి నుంచి కొత్త తొట్టి పెట్టిన ప్రతి ఇంట్లో, నీళ్లు పోసే మనిషి చేతికి చెంబిచ్చి పోయించి చూస్తాను. ఆ నీళ్లు నేను ఒక గ్లాసు తాగి చూస్తాను. ‘అయ్యుండొచ్చు’ అనే మాట నీళ్ల గురించి అంటాను, మనుషుల గురించి అనను.

సైదమ్మ ఇప్పటికీ అక్కడే ఉంది. నేను వెళ్లగానే క్యాన్‌లోంచి గ్లాసు నింపి నాకిస్తుంది. “తాగి చెప్పు, మంచిగున్నయా?” అంటుంది. అందరూ చూస్తుండగా గ్లాసు ఖాళీ చేసి, మంచిగున్నాయంటాను. అప్పుడు గానీ తొట్లో పోయదు.