ఎండిన పులికాట్‌లో లోతు

నీళ్లంటే నాకు పిచ్చి. వానైనా, మంచైనా, సముద్రమైనా గంటలకొద్దీ చూస్తూ కూర్చుంటాను. అలాగే పులికాట్ సరస్సు చూద్దామని దొరవారిసత్రం వైపు వెళ్తే, మండు వేసవికి అది ఎండి నెర్రెలిచ్చి ఉంది. అక్కడ చేపలు పట్టే సుబ్బయ్య, అవతలి ఊళ్లో బస్సు అందిస్తానని నన్ను బైకెక్కించుకుని సరస్సుకి అడ్డంగా పోనిచ్చాడు. సగం దూరం పోయాక ఉన్నట్టుండి బండి పక్కకి తిప్పి, పెద్ద చుట్టు తిరగసాగాడు.

"నేరుగా పోనీ అన్నా, బస్సు వెళ్లిపోతుంది!"

"ఆడ శానా లోతు సార్. పడవ తోసే గెడ గూడా అందదు."

"నీళ్లే లేవు కదా!"

"నీళ్లు పోతే లోతు యాడికి పోతాది సార్?"

అవతలి ఒడ్డుకి చేరేసరికి బస్సు వెళ్లిపోయింది. తిట్టుకుంటూ బండి దిగాను. చూసుకుంటే, ఎప్పుడు మడుచుకున్నానో ఏమో, నా ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఉంది.