రోజుకో బొండం

చెట్టెక్కమంటే చాలు, పల్లంరాజుకి పెళ్లికి పిలిచినంత సంబరం. అమలాపురం దగ్గర చిన్న కొబ్బరితోట ఆయనది. కాయల దింపులకి మనిషిని పెట్టుకోగలిగి కూడా, యాభై దాటినా తన చెట్లు తనే ఎక్కేవాడు. "నా చెట్టుమీద ఇంకొకడి కాలేంటండి" అనేవాడు. ఏం చేస్తాం, మొండిఘటం.

అలాంటివాడికి పంతొమ్మిదివందల తొంభై ఎనిమిదిలో డాక్టరే దన్నుగా దొరికాడు. భార్య సూర్యకళకి గుండె నీరసించి, పాదాలు ఉబ్బి, మెట్టెలు వేళ్లకి బిగుసుకుపోయాయి. ఊళ్లో డాక్టరు చంద్రరావుగారు ఒంట్లో నీరు తీసే మాత్ర రాశారు.

"ఆ నీటితోపాటు పొటాషియమనే లవణం కూడా ఒంటేలులో పోతుందండి. అది తగ్గితే గుండె తడబడుతుంది. రోజుకో బొండం తాగించండి" అన్నారు.

"ఆయ్, దానికేం భాగ్యమండి" అన్నాడు పల్లంరాజు. లవణం పేరు ఇంటికొచ్చేలోపే మరిచిపోయాడు. బొండం మాట మాత్రం గట్టిగా పట్టుకున్నాడు.

ఇక చూడాలి ఆ వైభోగం. పొద్దు పొడవగానే ఎక్కేవాడు. సూర్యకళ కొంగు నడుమున దోపుకుని చెట్టు మొదట్లో తలెత్తి నిలబడేది. ఆయన దిగి, బొండం మూతి చెక్కి చేతికిస్తే, మాత్ర వేసుకుని గడగడా తాగేసేది. "మా చెట్టు నీళ్లేనండి దాన్ని నడిపిస్తున్నాయి" అని వీధంతా చెప్పుకునేవాడు. ఆయన జన్మలో అంత హాయైన ఉదయాలు మళ్లీ రాలేదు.

కొన్నేళ్లకి వాపు తిరగబెట్టింది. రాజమండ్రి తీసుకెళ్తే డాక్టరు శ్రీదుర్గగారు పాత మాత్ర తగ్గించి, కొత్తదొకటి రాశారు.

"ఈ మందు తీరు వేరండి. ఇంకేమైనా మందులు, టానిక్కులు, పళ్లరసాలు ఇస్తున్నారా?" అని అడిగారు.

"అబ్బే, ఏమీ లేవండి" అన్నాడు పల్లంరాజు.

అబద్ధమాడలేదు పాపం. కోనసీమలో పుట్టినవాడు బొండాన్ని మందంటాడా, పళ్లరసమంటాడా? అది ఇంట్లో నీళ్లకింద లెక్క. పైగా కొత్త మందు తీరు వేరన్నారంటే గట్టిదేనేమోనని, దానికి తోడుగా రెండో బొండం కూడా మొదలుపెట్టాడు మహానుభావుడు.

కొన్నాళ్లకే సూర్యకళ కాళ్లూ చేతులూ పట్టు తప్పాయి. చెంబు ఎత్తలేకపోయింది. మళ్లీ రాజమండ్రి పరుగెత్తారు. రక్తపరీక్ష చూసిన శ్రీదుర్గగారు మొహం మార్చుకుని, పాత ప్రశ్నే సూర్యకళని అడిగారు.

"బొండాలండి. రోజూ రెండు" అంది ఆవిడ నీరసంగా.

శ్రీదుర్గగారు పల్లంరాజుని పక్కకి పిలిచారు. "ముందు మాత్ర పొటాషియాన్ని బయటికి తోసేది కాబట్టి బొండం మంచి చేసింది. కొత్త మాత్ర దాన్ని బయటికి పోనివ్వదు. మీరేమో పైనుంచి పోస్తూనే ఉన్నారు. ఇంకాస్త పెరిగితే గుండె ఆగిపోయేదండి."

పల్లంరాజు ప్రేమగా చెక్కి ఇచ్చిన చేతులే ఆవిణ్ణి చంపబోయాయి. ఆ చేతులు చూసుకుని ఏడ్చాడు.

సూర్యకళ గండం గడిచి బయటపడింది. ఇంటికెళ్లే బస్సులో ఆయన కిటికీకేసి తిరిగి కూర్చుంటే, ఆవిడే కదిపింది.

"అంత బాధపడకండి. అసలు నాకు కొబ్బరినీళ్లు మొదట్నుంచీ పడవు. కడుపులో తిప్పుతుంది."

"మరి ఇన్నేళ్లూ ఎందుకు తాగావే?"

"అంత ఎత్తెక్కి తెచ్చారు కదా, వద్దని ఎలా అననూ? మీరు ఎక్కింది మొదలు దిగేదాకా నా ప్రాణం నా దగ్గరుండేది కాదు. క్షేమంగా దిగారన్న సంతోషంలో ఏమిచ్చినా తాగేసేదాన్ని."

ఆయన ఆ ఉదయాలన్నీ చెట్టుమీద నుంచే చూశాడు, కింద నిలబడ్డ మనిషిని నీకెలా ఉందని ఒక్కనాడూ అడగలేదు. ఆ తర్వాత మళ్లీ చెట్టెక్కలేదు.

సూర్యకళ ఇంకొన్నేళ్లు బతికి, ఒక వానాకాలం నిద్రలోనే వెళ్లిపోయింది. ఇప్పుడు దింపులకి గణేష్‌బాబు వస్తాడు. అతను చెట్టెక్కితే పల్లంరాజు సరిగ్గా ఆవిడ నిలబడేచోటే తలెత్తి నిలబడతాడు.

"ఎండలో ఎందుకండీ, అరుగు మీద కూర్చోండి. కాయలెక్కడికీ పోవు" అంటాడు గణేష్‌బాబు పైనుంచి.

"కాయల సంగతి తర్వాత. నువ్వు దిగరా ముందు" అంటాడు పల్లంరాజు.