బంగారమ్మగారు పోసిన నీళ్ళు

గోదావరి జిల్లా మనిషితో నీళ్ళు చూసి వాడమని చెప్పి చూడండి, మీ వంక జాలిగా చూస్తారు. భీమవరం దగ్గర మా బంగారమ్మగారిదీ అదే తీరు. వాడిన మొక్క కనబడితే అది ఎవరిదని అడగరు, బిందెడు నీళ్ళు పోసి తన దారిన తను పోతారు. పుణ్యం చెయ్యడానికి ఒకరిని అడిగేదేంటని ఆవిడ వాదన.

2007లో కూతురు శ్రీసత్య పురిటికని ఆవిడ మెల్‌బోర్న్ వెళ్ళారు. ఆ ఏడు అక్కడ గొప్ప కరువు. తోటలకి పైపు పెట్టాలంటే వారానికి రెండే రోజులు, అదీ చెప్పిన వేళకే. మిగతా రోజుల్లో స్నానం చేసిన నీళ్ళే బకెట్లతో మోసి మొక్కలకి పోసుకోవాలి. పక్కింటి మార్గరెట్ రిటైరైన టీచరు. ఇల్లిల్లూ తిరిగి నీళ్ళు పొదుపు చెయ్యమని వీధంతటికీ పాఠం చెప్పింది ఆవిడే. ఆవిడ గేటు ముందు ఒక నిమ్మచెట్టుంది. కాయలు ఎవరికి కావాలంటే వాళ్ళు కోసుకోవచ్చు.

ఆ చెట్టు ఆకులు ముడుచుకుపోతుంటే బంగారమ్మగారి ప్రాణం ఉసూరుమంది. మధ్యాహ్నం కూతురూ మనవరాలూ నిద్రపోయాక, గోడ మీంచి పైపు వేసి చెట్టు మొదట్లో నీళ్ళు వదిలారు. మూడు రోజులు అదే పని. నాలుగో రోజు నీళ్ళ ఆఫీసు వాళ్ళు తడి నేల చూసి మార్గరెట్ గేటుకి హెచ్చరిక కాయితం అంటించి పోయారు.

ఇంకేముంది, నీతులు మాకూ నీళ్ళు తనకూనా అని వీధివాళ్ళు మొహాలు తిప్పేసుకున్నారు. ఆ సాయంత్రం మార్గరెట్ గేటు దగ్గర నిలబడి నలుగురిని పలకరిస్తే నలుగురూ వినపడనట్టే వెళ్ళారు. కిటికీలోంచి చూసిన బంగారమ్మగారు కూతుర్ని పిలిచి, చేసింది చెప్పేశారు.

"ఊరుకోమ్మా, కొత్తగా వచ్చినవాళ్ళం. మన పరువు పోద్ది," అంది శ్రీసత్య, సంగతంతా విన్నాక.

"నేను చేసిందానికి ఆవిడ పరువు పోతంటే చూస్తా కూర్చోమంటావేంటే?"

మర్నాడు పొద్దున్నే పైపు చుట్ట భుజాన వేసుకుని బయల్దేరారు. తెలుగు తప్ప మరో ముక్క రాదు, అయినా జంకు లేదు. పదకొండు ఇళ్ళ తలుపులు కొట్టారు. పైపు చూపించి, చెట్టు చూపించి, గుండె మీద చెయ్యేసుకుని, "నేను. మార్గరెట్ నో," అన్నారు. కొందరు నవ్వారు, ఒకాయన దణ్ణం పెట్టాడు. నిజం చెప్పొద్దూ, ఆ మనిషంటే నాకున్న ఇష్టమంతా ఆ పైపు చుట్ట దగ్గరే ఉంది.

చివరికి మార్గరెట్ ఇంటికి వెళ్ళారు, తన మాట ఇంగ్లీషులో చెప్పడానికి శ్రీసత్యని వెంటబెట్టుకుని. మార్గరెట్ కోప్పడలేదు. టీ ఇచ్చి, "మీ ఊళ్ళో అంత నీళ్ళుంటాయా?" అని అడిగింది.

"ఆయ్, మా గోదావరమ్మండి..." అని మొదలుపెట్టిన బంగారమ్మగారికి ఊరి చెరువు గుర్తొచ్చింది. ఊళ్ళో రొయ్యల చెరువులొచ్చాక మంచినీళ్ళ చెరువు ఉప్పగా అయిపోయింది. గోదావరి చెంతనే ఉండి ఊరంతా డబ్బా నీళ్ళు కొనుక్కుని తాగుతోంది. రొయ్యలు పట్టాక ఆ పాడు నీళ్ళు కాలవలోకి వదిలేవాళ్ళలో ముందుండేది ఆవిడ భర్త సాంబశివరాజుగారే. ఇన్నేళ్ళూ ఆవిడ చూస్తూనే ఉన్నారు, ఒక్కనాడూ ఆయన్ని అడగలేదు.

ఇంటికొచ్చి ఫోన్ చేశారు.

"ఏవండీ, మన చెరువు నీళ్ళు ఇక కాలవలోకి వదలకండి."

"ఏంటే ఉన్నట్టుండి? ఒంట్లో బాలేదా?"

"ఒంట్లో బానే ఉందండి, సిగ్గేస్తంది. ఇక్కడ నా తప్పు చెప్పుకోడానికి పదకొండు గడపలు తొక్కొచ్చాను. మన ఊళ్ళో ఎనిమిదొందల గడపలున్నాయి. అయ్యి కూడా తొక్కమంటారా?"