ఇక్కడుండరని చెప్పినాడు

మా అమ్మానాయనలు గొర్రెలు కాసేవాళ్లు. ఊరు బేస్తవారిపేట దగ్గర. పంటలు కోసేశాక మా పొలాల్లో మేతా నీళ్లూ రెండూ ఉండవు. అప్పుడు ఇంటికి తాళం వేసి, మందను తోలుకుని కాలవ నీళ్లున్న ఊళ్ల వైపు పోయేవారు. మళ్లీ తొలకరి పడ్డాకే తిరిగి రావడం. మా వీధిలో సగం ఇళ్లు ఆ నెలల్లో అట్లా తాళాలతోనే ఉండేవి. దాన్ని ఊరు వదిలిపోవడం అని ఎవరూ అనుకోలేదు. మేతకు పోయినారు అనేవారు, అంతే.

తాళంచెవి పక్కింటి చిన్నాయన దగ్గర ఉండేది. సొంత చిన్నాయన కాడు. నాయన చిన్నప్పటి నుంచీ తమ్ముడా అని పిలిచిన మనిషి. మేం లేనప్పుడు మా కోళ్లకు గింజలు చల్లేదీ, గాలివాన వస్తే మా రేకులు ఎగిరిపోకుండా పైన రాళ్లు పెట్టేదీ ఆయనే. ఆయన కూతురి పెళ్లికి పొట్టేళ్లను మా మందలోంచే తోలిచ్చాడు నాయన. చిన్నాయన ఒక పార్టీలో తిరిగేవాడు. నాయన ఏ పార్టీ వెనకా తిరగలేదు. ఓటు ఎవరికి వేసిందీ అమ్మకు కూడా చెప్పేవాడు కాదు.

నేను అప్పటికే మార్కాపురం చేరి బట్టల దుకాణంలో పనిచేస్తున్నాను. గది, గ్యాసు, అన్నీ అక్కడే. ఓటు మాత్రం ఊళ్లో ఉండిపోయింది.

ఆ ఏడాది ఎండలు బాగా ముదిరాక ఎన్నికలు వచ్చాయి. నాయన మందను తోటి కాపరులకు అప్పజెప్పి, అమ్మను వెంటబెట్టుకుని బస్సులు మారి ఊరికి వచ్చాడు. నేను దుకాణంలో అడిగి సెలవు తీసుకున్నాను. ఆ ఉదయం నాయన తలకు నూనె రాసుకుని, ఉతికిన పంచె కట్టుకుని, ఓటరు కార్డు జేబులో పెట్టుకుని పెళ్లికి బయల్దేరినట్టు బయల్దేరాడు.

బడిలో పోలింగు. నాయన గదిలోకి వెళ్లేసరికి అమ్మా నేనూ ఆడవాళ్ల వరుసలో గడప దగ్గర ఉన్నాం. లోపల ఏజెంట్ల బెంచీ మీద చిన్నాయన మెడలో పాసుతో కూర్చుని ఉన్నాడు. నాయన ఆయన్ని చూసి తల ఊపాడు. కార్డు తీసి ఇచ్చాడు. జాబితా చూసే ఆయన పేరు వెతికి ఆగిపోయాడు.

"పేరుంది పెద్దాయనా. గానీ దాని మీద డిలీటెడ్ అని పడింది. తీసేసినారు."

"తీసేసేదేంది సారూ? కార్డు చూడండి, ఫొటో చూడండి. నేను కాదా?"

"నువ్వే. కాదని ఎవరన్నారు? కార్డుంటే చాలదు. లిస్టులో ఉండాల."

నాయన ఏమీ కంగారు పడలేదు. బెంచీ వైపు తిరిగాడు. "తమ్ముడా, నేనెవరో సారుకు చెప్పు" అన్నాడు. ముఖం మీద నవ్వు ఉంది, తేలిపోయే విషయమే అన్నట్టు.

చిన్నాయన ముందున్న కాగితాలు సర్దుకున్నాడు. నాయన వైపు చూడలేదు. "మా ఊరోడే సార్. గానీ వీళ్లు ఇప్పుడు ఇక్కడుండరు" అన్నాడు.

నాయన ముఖం మీది నవ్వు వెంటనే పోలేదు. దాన్ని ఏం చేయాలో తెలియనట్టు కాసేపు అట్లాగే ఉండిపోయింది. తర్వాత కార్డు తీసుకుని బయటికి నడిచాడు. అమ్మ పేరూ అంతే. నా పేరు ఆలస్యంగా ఎక్కినందువల్ల జాబితా చివర వేరేగా ఉండి, అది మాత్రం మిగిలింది. నా వేలికి సిరా పెట్టారు. ఊరు వదిలి పోయింది నేను. ఊరే ఇల్లుగా బతికిన వాళ్లిద్దరూ వేపచెట్టు నీడలో నా కోసం నిలబడి ఉన్నారు, వేళ్లకు ఏమీ లేకుండా.

బడి ఆవరణలోనే ఓటర్ల పేర్లు సరిచూసే బీఎల్వో మేడం కూర్చుని ఉంది. వెళ్లి అడిగాను. ఆమె కూడా మా పక్క ఊరి మనిషే. దాచలేదు.

"నేనొచ్చినప్పుడు మీ ఇంటికి తాళం ఏసి ఉండె. పక్కింటాయన్నే అడిగినా. ఊరొదిలి పోయినారు, మళ్లీ రారు అని చెప్పినాడు. సాక్షి సంతకం కూడా పెట్టినాడు. మీ వీధిలో తాళాలున్న ఇళ్లన్నిటికీ ఆయనే చెప్పినాడు. నన్నేం చేయమంటావు పాపా?"

సాయంత్రం నాయన చిన్నాయన ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. నేనూ వెళ్లాను. చిన్నాయన బడి నుంచి వచ్చి మమ్మల్ని చూసి చెప్పులు విడవకుండానే నిలబడ్డాడు.

"మా తాళంచెవి నీ కాడ పెట్టి పోయినా గదరా" అన్నాడు నాయన.

"పోయినారా అని ఆ మేడం అడిగింది. పోయినారన్నా. అబద్ధమేముంది అన్నా?"

"మళ్లీ రారని ఎట్ల చెప్పినావు?"

చిన్నాయన చెప్పులు విడిచి గోడవార పెట్టాడు. నేను ఉండబట్టలేక, "మా ఓట్లు మీ వాళ్లకు పడవనేగా చిన్నాయనా?" అన్నాను.

"ఎవరికి పడతాయో మీ నాయన ఎప్పుడన్నా చెప్పినాడా?" అన్నాడాయన. ఆ ఒక్క మాటతో నాకు అంతా అర్థమైంది. చెప్పని ఓటు కంటే లేని ఓటే వాళ్లకు నయం. నాయన చెయ్యి చాపాడు. చిన్నాయన లోపలికి పోయి తాళంచెవి తెచ్చి ఇచ్చాడు. చిన్నమ్మ లోపల పొయ్యి దగ్గరే ఉంది. రోజూ మంచినీళ్లిచ్చే మనిషి ఆ పూట బయటికి రాలేదు.

కొత్త ఓటరుగా మళ్లీ దరఖాస్తు చేసుకోమన్నారు. బేస్తవారిపేటలో నెట్ సెంటర్ వాడి పక్కన కూర్చుని నాయన, "నేను కొత్తోడినా?" అని అడిగాడు. కరెంటు బిల్లు మా తాత పేరు మీద ఉంది, అది చెల్లదన్నారు. ఇంటి పన్ను రసీదు కోసం తిరిగాం. చివరికి దరఖాస్తు పోయింది. మందను ఎంతకాలమని ఇతరుల మీద వదిలి ఉంటాడు? అమ్మను తీసుకుని తిరిగి వెళ్లాడు. విచారణకు వచ్చినవాళ్లకు మళ్లీ తాళమే కనిపించింది. దరఖాస్తు కొట్టేశారు.

ఆ వేసవిలో నీళ్ల ట్యాంకర్ మా వీధి మొదట్లోనే ఆగిపోవడం మొదలైంది. ముందు చివరిదాకా వచ్చేది. ఊళ్లో మిగిలిన ముసలివాళ్లు బిందెలు మోయలేక పోయి అడిగితే, ట్యాంకర్ తిప్పే నాయకుడు, "మీ వీధిలో ఇప్పుడు ఓట్లెక్కడియి?" అన్నాడట. ఓట్లున్న ఇళ్లకు కూడా నీళ్లు రాలేదు. చిన్నాయన ఇల్లు వీధి మధ్యలో ఉంటుంది. చిన్నమ్మ కూడా బిందె తీసుకుని మొదటిదాకా నడిచేది.

తర్వాతి ఏడాది మందను తోలే వేళకు అమ్మ తను రానంది. "నేను తలుపు తీసుకుని కూర్చుంటా. వచ్చి చూసుకోనీ" అంది. పెళ్లయినప్పటి నుంచీ ఆమె ఆయన వెంట పోని వేసవి లేదు. దొడ్డి కట్టేది, గొర్రెపిల్లల్ని తల్లుల దగ్గర పాలకు విడిచేది, ఆయనకింత అన్నం వండేది ఆమే. నాయన ఒక్కడే పోయాడు. మళ్లీ పెట్టిన దరఖాస్తుకు విచారణకు వచ్చినప్పుడు అమ్మ ఇంట్లో ఉంది. ఇద్దరి పేర్లూ ఎక్కాయి. కొత్త కార్డులు వచ్చాయి. తన కార్డు ఫొటోలో నాయన చాలా చిక్కిపోయినట్టు ఉంటాడు.

అయినా అమ్మ మళ్లీ మందతో పోలేదు. ఎప్పుడు ఎవరు వచ్చి అడుగుతారో, పక్కన ఎవరు ఏం చెబుతారో అని భయం. మందను చాలావరకు అమ్మేశారు. ఒక్క మనిషి కాచుకోగలిగినన్నే మిగిలాయి. వేసవిలో నేను ఊరికి వెళ్లినప్పుడు పొద్దు గూకే వేళకు నాయన ఫోన్ చేస్తాడు. వెనక గొర్రెల అరుపులు వినిపిస్తుంటాయి. మునుపు వేరే ఊళ్ల నుంచి నాకు ఫోన్ చేస్తే వాన పడిందా అని అడిగేవాడు. ఇప్పుడు, "ఎవరన్నా వచ్చి అడిగినారా?" అంటాడు.

"ఎవరూ రాలే. తలుపు తీసే ఉంది. నువ్వు తిన్నావా?" అంటుంది అమ్మ.